దరఖాస్తు రాసే ముందు అర్హత చూసుకోండి

ఇవాళ్టి ప్రసంగం అమెరికా విశ్వవిద్యాలయాల్లో దక్షిణాసియా అధ్యయనాలు చదువుతున్న, చదవాలనుకుంటున్న పిల్లల కోసం. తల్లిదండ్రులు కూడా వింటే మంచిదే. "కంప్యూటర్లు వదిలేసి ఇదేం చదువు, ఖర్చెవరు పెడతారు?" అని ముందుగా అడిగేది వాళ్లే కదా! ఖర్చు పెట్టేవాళ్లు ఉన్నారు. ఎవరికి పెడతారో నిబంధనల్లో రాసే ఉంచారు. మనవాళ్లు మాత్రం వాటి జోలికి పోకుండా నెలల తరబడి స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ చెక్కుతూ కూర్చుంటారు.

ముందు ఫ్లాస్ సంగతి. విదేశీ భాషలు, ప్రాంతీయ అధ్యయనాల కోసం అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫెలోషిప్ ఇది. 1957లో రష్యావాళ్లు స్పుత్నిక్‌ను ఎగరేశాక, ఆ కంగారులో 1958లో అమెరికా ఒక చట్టం చేసింది. సైన్సు, లెక్కలతో పాటు పరాయి భాషలు నేర్చినవాళ్లు కూడా దేశ రక్షణకు కావాలన్నారు. ఆ చట్టం పుణ్యమా అని ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో మన భాషలకూ చోటు దొరికింది. డబ్బు వెనక ఉద్దేశం అది కాబట్టి ఫ్లాస్ అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే ఇస్తారు. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఎఫ్-1 వీసా మీద వచ్చిన విద్యార్థికి ఎన్ని మార్కులున్నా రాదు. వాళ్లు దాని మీద ఒక్క సాయంత్రం కూడా వృథా చేసుకోవద్దు.

ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకు మాత్రం అది మంచి అవకాశం. 2022లో మొదలైన నిధుల దఫాలో గ్రాడ్యుయేట్ విద్యార్థికి ఏడాదికి 20,000 డాలర్ల స్టైపెండ్, ఫీజు కింద 18,000 డాలర్ల దాకా ఇచ్చారు. అయితే 2025 సెప్టెంబరులో విద్యాశాఖ ఆ దఫా చివరి ఏడాది నిధులు ఆపేసింది. అందుకని దరఖాస్తు తెరవకముందే మీ విశ్వవిద్యాలయంలోని దక్షిణాసియా కేంద్రానికి వెళ్లి, ఈ ఏడాది ఫ్లాస్ ఉందా, లేకపోతే కేంద్రం సొంత నిధుల నుంచి భాషకు ఏమైనా ఇస్తున్నారా అని అడగండి. పాత పేజీలో పాత తేదీలు చూసి నమ్మకండి.

ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఒక విషయం తెలుసుకోవాలి. ఫ్లాస్ నేర్చుకునే భాషకు ఇచ్చేది. చదువుకున్న తెలుగువాడిలా అనర్గళంగా వచ్చినవాళ్లకు తెలుగు పేరు మీద ఇవ్వరు. అలాగని "నాకు తెలుగు అస్సలు రాదు" అని రాయకండి, అమ్మమ్మతో ఫోన్లో గంటలు గంటలు మాట్లాడే మనిషి అలా రాస్తే ఏం బాగుంటుంది? ఉన్నదున్నట్టు రాయండి: మాటలు అర్థమవుతాయి, వంటింటి కబుర్లు చెప్పగలను, దినపత్రిక సంపాదకీయం ఇస్తే మొదటి పేరా దాటలేను, వత్తులు తడబడతాయి, పాత ఉత్తరాల గొలుసుకట్టు రాత అసలు చదవలేను. తెలుగు చెప్పే ఉపాధ్యాయుడు ఎలాగూ పరీక్ష పెట్టి మీ స్థాయి తేలుస్తారు. మీరు రాసిందీ ఆయన రాసిందీ కలిస్తే చాలు. ఇంట్లో తెలుగు బాగానే నిలబడితే ఉర్దూకో తమిళానికో దరఖాస్తు చేయండి. హైదరాబాదు చరిత్ర మీద పనిచేసేవాళ్లకైతే ఉర్దూ లేకుండా రెండో అడుగు పడదు.

ఎఫ్-1 విద్యార్థులు నిరాశపడనక్కర్లేదు. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ అని ఒక సంస్థ ఉంది. 1961లో మొదలైంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సంస్కృతం చెప్పిన నార్మన్ బ్రౌన్ దానికి ఆద్యుడు. వాళ్ల జూనియర్ ఫెలోషిప్ మీద పీహెచ్.డి. పరిశోధన కోసం భారతదేశంలో పదకొండు నెలల దాకా ఉండొచ్చు. అమెరికా విశ్వవిద్యాలయంలో చదువుతుంటే ఇతర దేశాల పౌరులు కూడా పెట్టుకోవచ్చు. అంటే మన దేశపు పాస్‌పోర్టుతో ఇక్కడ పీహెచ్.డి. చేస్తున్నవాళ్లకూ అర్హత ఉంది. చిత్రం ఏమిటంటే, ఈ సంగతి తెలియాల్సినవాళ్లకే తెలియదు!

సభ్యత్వం అనే మాట దగ్గర కూడా చాలామంది గందరగోళపడతారు. ఈ ఇన్‌స్టిట్యూట్‌లో సభ్యులు విశ్వవిద్యాలయాలు, విద్యార్థులు కాదు. మీరు విడిగా చేరాల్సిందేమీ లేదు. అసోసియేషన్ ఫర్ ఏషియన్ స్టడీస్‌లో అయితే మనిషే సభ్యుడు. వాళ్లిచ్చే చిన్న గ్రాంట్లు కావాలంటే చందా కట్టి ఉండాలి, విద్యార్థులకు చందా తక్కువే. మూడో రకం సభ్యత్వం మీ క్యాంపస్ లోపలిది. చాలాచోట్ల దక్షిణాసియా కేంద్రం డిగ్రీ ఇవ్వదు. మీరు చరిత్ర శాఖలోనో మానవశాస్త్ర శాఖలోనో విద్యార్థి, కేంద్రంలో సర్టిఫికెట్ కోసం పేరు నమోదు చేసుకున్నవాళ్లు. ఫెలోషిప్ కేంద్రం ఇస్తుంది, చదువు ఎక్కడిదాకా వచ్చిందో ధ్రువీకరించేది శాఖ. ఈ రెండు ఆఫీసులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని అనుకోకండి. కాగితం మీరే మోయాలి.

ఇక అసలు తలనొప్పి అఫిలియేషన్ లేఖ. భారతదేశంలో పరిశోధన చేయాలంటే అక్కడి ఒక విశ్వవిద్యాలయం మిమ్మల్ని చేర్చుకుంటామని రాసివ్వాలి, ఒక పర్యవేక్షకుడు ఉండాలి. "మీ శాఖతో అనుబంధం కోరుతున్నాను" అని రెండు ముక్కల ఈమెయిలు పంపితే జవాబు రాదు. రాకపోవడమే న్యాయం. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉంటారు, ఏ ప్రశ్న మీద పనిచేస్తారు, ఏ కాగితాలు చూడాలి, పర్యవేక్షకుడి నుంచి ఏం సాయం కావాలి, ఇవన్నీ ఒక్క పేజీలో రాయండి. ఉదాహరణకు గ్రంథాలయోద్యమం మీద పని అనుకుందాం. "ఆంధ్రలో గ్రంథాలయాలు చూస్తాను" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్త్రాలు అని రాస్తే, ఈ పిల్ల ఇల్లు వదిలే ముందు ఆలోచించి బయల్దేరిందని తెలుస్తుంది. ఆ నికేతనం 1918 నాటిదనీ, అక్కడి పత్రికల్లో మీకు కావలసింది ఏమిటో కూడా ఒక వాక్యం చేర్చండి. దరఖాస్తు చదివే కమిటీలో శిల్పకళ చెప్పేవారూ ఉంటారు, ఆర్థికశాస్త్రం చెప్పేవారూ ఉంటారు. వేటపాలెం అంటే వాళ్లకు జీడిపప్పు కూడా గుర్తు రాదు.

ఇన్‌స్టిట్యూట్ గడువు మామూలుగా నవంబరు 15. భారతదేశంలోని విశ్వవిద్యాలయాల్లో ఆగస్టు, సెప్టెంబరుల్లో అడ్మిషన్ల హడావుడి, వెంటనే దసరా సెలవులు. కాబట్టి లేఖ కోసం వేసవిలోనే అడగండి. సిఫారసు లేఖ రాసే ప్రొఫెసర్లకు మీ ప్రాజెక్టు ముసాయిదా ఇచ్చి, కనీసం నెల వ్యవధి ఇవ్వండి.

చివరగా ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివారికి భారత ప్రభుత్వం ఇచ్చే కార్డు, ఉన్న పిల్లలకు. కార్డుంది కదా, వీసా గొడవ లేదు, టికెట్ కొనుక్కుని వెళ్లిపోతాం అంటారు. పెళ్లికి వెళ్లడానికి సరే. పరిశోధనకు మాత్రం ఓసీఐ ఉన్నవాళ్లు కూడా విడిగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి, 2021 మార్చిలో వచ్చిన నోటిఫికేషన్‌లో ఆ మాట స్పష్టంగా ఉంది. కార్డు లేని విదేశీ పౌరులకు రీసెర్చ్ వీసా కావాలి, టూరిస్టు వీసా పనికిరాదు. రెండింటికీ నెలలు పడతాయి. ఫెలోషిప్ వచ్చిందన్న ఉత్తరం అందిన వారంలోనే ఆ పని మొదలుపెట్టండి. టికెట్ ఆ తర్వాత కొనొచ్చు.

వచ్చే ప్రసంగంలో సిఫారసు లేఖల సంగతి మాట్లాడుకుందాం.