మందు మధ్యలో ఆపొద్దు

మా సంఘంలో ఒక చెల్లెలు వరుసగా మూడు మీటింగులకు రాలేదు. మేం వాయిదా సంగతే అడిగాం గానీ బిడ్డ సంగతి అడగలేదు. బాబుకి రక్త క్యాన్సర్.

పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్‌కు రెండు మూడేళ్లు వైద్యం చేయించాలి. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా బతుకుతున్నారు. చాలా పేద దేశాల్లో 30 మంది కూడా దక్కడం లేదు. దారిఖర్చులు, పోయిన కూలి, ఇంటి దగ్గర మిగతా పిల్లలు. వీటికి తోడు, బిడ్డ కాస్త ఆడుకోగానే నయమైందనుకుని మధ్యలో ఆపేస్తున్నారని పరిశోధనలు చెబుతున్నాయి.

ఇప్పుడు ఆమె వాయిదా మేమే తలా కొంత వేసి కడుతున్నాం. ఆస్పత్రికెళ్లిన రోజు పెద్దపాపకు మా ఇళ్లల్లోనే అన్నం.

ఇకపై ఎవరైనా మీటింగుకి రాకపోతే ముందు ఇంటికెళ్లి "ఏమైందమ్మా?" అని అడుగుదాం. తర్వాతే పుస్తకం తెరుద్దాం.