వ్రాతగాడు లేని చావు

దయ్యముల కథ లనిన చెవి కోసికొనువారు శ్రోతలలో కొందరుందురు. విసుగుకొనువారును కొంద రుందురు. మేము మొదటి తెగకు చెందినవారము. చిన్ననాడు భేతాళ కథలతో పట్టుకొన్న యీ వ్యసనము తుదకు మమ్మొక అమెరికా టెలివిజన్ ధారావాహికకు బందీలను చేసినది. దాని పేరు ‘సూపర్‌నాచురల్’. 2005 సెప్టెంబరు 13న మొదలై, 15 సీజన్లు, 327 ఎపిసోడ్లు నడచి, 2020 నవంబరు 19న ముగిసినది. ఇటీవల దాని తుది మూడు ఎపిసోడ్లను మరల చూచితిమి. తొలిసారి చూచిననాడు కలిగిన కోపము కొంత తగ్గినది, కొంత తగ్గలేదు. ఆ రెంటిని గూర్చియే యీ నాలుగు మాటలు.

కథ నెరుగనివారికై రెండు ముక్కలు. 1983లో ఒక రాత్రి, కాన్సాస్ రాష్ట్రమందలి లారెన్స్ పట్టణమున, ఒక తల్లి పిశాచము వాతబడి మంటలలో మరణించును. నాలుగేండ్ల పెద్దకొడుకు డీన్, ఆరునెలల తమ్ముడు సామ్‌ను చేతుల నెత్తుకొని వెలుపలికి పరుగెత్తును. ఆ పరుగు పదునైదేండ్లు ఆగలేదు. తండ్రి వారిని దయ్యముల వేటగాండ్రనుగా పెంచెను. 1967 నాటి నల్లని షెవ్రొలే ఇంపాలా కారు వారి ఇల్లు. ఉప్పు, ఇనుము వారి ఆయుధములు. ప్రేతము ఇనుమును సహింపదట. పురిటింట పక్కక్రింద ఇనుపముక్క నుంచు మన పెద్దమ్మలకు ఈ మాట కొత్త కాదు.

ఎరిక్ క్రిప్కీ దీనిని అయిదేండ్ల కథగా తలపెట్టెను. 2010 మే నెలలో ఆ కథ నిండుగా ముగిసినది. పిదప మరి పది సీజన్లు నడిపిరి. నడుమ సాగదీసిన మాట నిజము. అన్నదమ్ములలో ఒకడు చచ్చుట, రెండవవాడు ఏదో యొక బేరమాడి వానిని తిరిగి తెచ్చుట – ఇది వారికి నిత్యకృత్యమైపోయెను. మూడవ సీజనులో ఒకే మంగళవారము మరల మరల తెల్లవారు ఎపిసోడ్ ఒకటి కలదు. అందు డీన్ నూరుసార్లకు పైగా చచ్చును. మేము కడుపుబ్బ నవ్వితిమి. చావును చూచి నవ్వ నేర్చిన ప్రేక్షకునికి ఇక చావు బరువెట్లు తెలియును? తుది ఎపిసోడ్లు ఎదుర్కొనవలసిన చిక్కు ఇదియే.

కథ మలుపు తిరిగినది 2019 ఏప్రిలులో. నాసిరకపు నవలాకారుడుగా ఏనాడో ప్రవేశపెట్టబడిన చక్ అనువాడు దేవుడేయని కొన్నేండ్ల క్రిందటనే తేలినది. ఇప్పుడు తేలినది మరియొకటి: ఈ సోదరుల కష్టములన్నియు ఆతడు తన వినోదమునకై కూర్చినవే. నుదుటివ్రాత యని మన మనుకొనునది ఎదుట మనిషివలె నిలిచి, ‘నీ యేడుపు నాకు మిక్కిలి రుచించినది’ అన్నట్లున్నది. తుది సీజనంతయు ఆ వ్రాతగానితో యుద్ధమే.

తుదినుండి మూడవ ఎపిసోడ్ 2020 నవంబరు 5న వచ్చినది. 2008లో డీన్‌ను నరకమునుండి పైకి తెచ్చినవాడు కాస్టియల్ అను దేవదూత. ఒక బిడ్డ ప్రాణమునకై ఆతడు శూన్యముతో ఒడంబడిక చేసికొనియుండెను: తాను నిజముగా ఆనందించిన క్షణముననే శూన్యము తన్ను మ్రింగవచ్చును. మృత్యువు తలుపు బాదుచుండగా, డీన్‌ను కాపాడుటకు ఆతనికి వేరు దారి లేదు. డీన్‌పై తనకుగల ప్రేమను నోరు విప్పి చెప్పును. చెప్పుటయే ఆనందము, ఆనందమే అంతము. శూన్యము వచ్చి ఆతనితోపాటు మృత్యువును గూడ లాగికొనిపోవును. పిదప డీన్ నేలపై కూలబడియుండును. టెలిఫోన్ మ్రోగును. తీయడు. మా చెల్లెలును మేమును ఆ రాత్రి భోజనము ముట్టలేదు.

మరునటి వారము దేవుడు ఓడెను. ఆతనిని చంపక, శక్తి తీసివైచి, ముసలితనమును రోగమునుగల సామాన్యునిగా నడిరోడ్డుపై విడిచిపోవుట చక్కని శిక్ష. తక్కిన యుద్ధము తొందరతొందరగా నడచినది.

ఇక తుది ఎపిసోడ్. దేవుని గెలిచినవాడు, రెండవసారి లోకము బ్రదుకుటకు కారణమైనవాడు, ఒక పాడుబడిన కొట్టములో రక్తము త్రాగు ముఠాతో పెనుగులాడుచు, స్తంభమునుండి పొడుచుకొని వచ్చిన ఇనుపచువ్వ వీపున దిగి చచ్చును. ప్రేతములను తరిమిన ఇనుమే! మేమానాడు లేచి నిలుచుండి తిట్టితిమి. పదునైదేండ్లు చూచినది ఇందుకా?

మరల చూచినపుడు మాకు మౌసలపర్వము తలపునకు వచ్చినది. కురుక్షేత్రమును నడిపినవాడు ఒక బోయవాని బాణము పాదమున తగిలి పోయెను. ఆ కథ విని మనలో ఎవరును కోపగింపలేదు గదా! అచట గాంధారి శాపమున్నది. ఇచట అదియును లేదు. వ్రాతగాడు పదవి పోగొట్టుకొన్న పిదప వచ్చిన మొదటి చావిది. ఇది ఎవరి పన్నాగమును కాదు. డీన్ తమ్ముని చేయి పట్టుకొని కోరునదియు బ్రదికింపుమని కాదు, పోవుటకు సెలవిమ్మని. పదునైదేండ్లలో తొలిసారి సామ్ ఏ బేరమునకును పోక, చితి పేర్చి నిప్పుపెట్టును. ప్రక్కన ఒక కుక్క నిలుచుండును. మాకా చావు బరువు తెలిసినది.

అయినను లోపములు లోపములే. ముసలి సామ్ నెత్తిమీది నెరసిన విగ్గు మా వీధిభాగవతమువారికి కూడ చిన్నతనము. ఆతని భార్య దూరమున మసకగా తోచునే కాని, మొగము లేదు, పేరు లేదు. కరోనా వలన 2020 మార్చిలో ఆగిన చిత్రీకరణ ఆగస్టులో మరల మొదలైనది. పెక్కుమంది నటులను ఒకచోట చేర్చుట కష్టమే. ఆ మేరకు క్షమింతుము. కాని కాస్టియల్ మాట యేమి? స్వర్గమును చక్కదిద్దుటలో ఆతడును చేయివేసెనని ఒక పెద్దమనిషి నోట పలికించి, డీన్ పెదవులపై ఒక చిరునవ్వు పూయించి, కారు నడుపుకొని పొమ్మనిరి. ప్రాణమిచ్చి చెప్పిన మాటకు బదులు చెప్పించుటకు నటుల గుంపెందుకు? ఒక్క వాక్యము చాలును.

వంతెనమీద అన్నదమ్ములు కలిసికొను దృశ్యమువరకు మేము కదలక కూర్చుందుము. మా చెల్లెలు మాత్రము టెలిఫోన్ మ్రోగుచుండగనే లేచిపోవును. తన లెక్కలో కథ అచటనే ముగిసినదట. ఆ టెలిఫోన్ అవతలివైపున నున్నది సామ్ గదా, తమ్ముని కథ ఇంకను మిగిలియున్నది గదాయని మేమన్నచో, డీన్ కాస్టియల్‌కు ఏమని బదులిచ్చియుండునో ముందు చెప్పుమనును. ఇంతవరకు మేము చెప్పలేకపోయితిమి.