పెంగ్విన్లు ఇల్లు చేరే వేళ



సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మన వీధిలోకి ఒక్కసారి చూడండి. ఆఫీసునుంచి ఒకరు, బడినుంచి ఒకరు, కూరగాయల సంచీతో ఇంకొకరు, అందరికీ ఇల్లు చేరాలన్న తొందరే. ఈవేళ నేను చెప్పబోయేది కూడా అలా ఇల్లు చేరేవాళ్ళ ముచ్చటే. కాకపోతే వాళ్ళు మనుషులు కారు, పెంగ్విన్లు!

“పెంగ్విన్లు మంచుకొండల్లో కదా ఉండేది, వరంగల్లులో ఉండే నీకెక్కడ కనబడ్డాయమ్మా?” అంటారేమో. నేనూ అలాగే అనుకునేదాన్ని. మా చెల్లెలు ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్ నగరంలో కాపురముంటోంది. సంక్రాంతి రోజుల్లో నేనూ, మావారూ వాళ్ళింటికి వెళ్ళాం. మనకు చలికాలమైతే వాళ్ళకది మండు వేసవి. ఒకనాడు మా మరిది, “వదినా, పెంగ్విన్లను చూసొద్దాం పదండి,” అని కారు తీశాడు. పులిహోర డబ్బా, పెరుగన్నం, మంచినీళ్ళ సీసాలు సర్దుకుని బయల్దేరాం.

మేము వెళ్ళింది ఫిలిప్ ఐలండ్ అనే దీవికి. మెల్‌బోర్న్‌నుంచి సుమారు 140 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు మన హనుమకొండనుంచి హైదరాబాదుకు ఉన్నంత దూరం. దారి పొడుగునా పచ్చిక బీళ్ళు, ఆవుల మందలు. చివరకు సముద్రం మీద వంతెన దాటితే దీవి వచ్చేస్తుంది. ఎక్కడా మంచు జాడే లేదు!

టిక్కెట్లు కొనుక్కుని ఒడ్డున మెట్ల మీద కూర్చున్నాం. అక్కడ ఫొటోలు తీయకూడదట. వెలుగు పడితే పక్షులు బెదురుతాయని సెల్‌ఫోన్లు కూడా లోపల పెట్టేయమన్నారు. “ఇంత దూరం వచ్చి ఒక్క ఫొటో అయినా లేకుండానా?” అని మావారు సణిగారు. వేసవి కదా, రాత్రి ఎనిమిదిన్నర దాటితేగాని పొద్దు గుంకలేదు. చీకటి పడుతుండగా అలల నురుగులో నల్లగా ఏవో కదిలాయి. పదీ పన్నెండూ ఒక గుంపుగా లేచి నిలబడ్డాయి. నాలుగడుగులు వేసి, భయపడి మళ్ళీ నీళ్ళలోకి పరుగెత్తాయి. ధైర్యం తెచ్చుకుని మళ్ళీ వచ్చాయి. పెళ్ళివారింట్లో ముందు ఎవరు అడుగుపెట్టాలా అని మొహమాటపడే ఆడవాళ్ళే గుర్తొచ్చారు నాకు.

ప్రపంచంలోని పెంగ్విన్లన్నిటిలోకీ ఇవే చిన్నవి. ఎత్తు మూరెడు కూడా ఉండదు, బరువు కిలో చిల్లర. వీపు ముదురు నీలం, పొట్ట తెలుపు. పొద్దస్తమానం సముద్రంలో చేపలు పట్టి, పగలైతే గద్దల భయం కనుక, చీకటి పడ్డాకే ఒడ్డెక్కుతాయి. మెట్టమీద బొరియల్లో పిల్లలు ఆకలితో అరుస్తుంటాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ వంతులవారీగా గుడ్లు పొదుగుతాయి, ఇద్దరూ మేత తెస్తాయి. ఈ మాట విని నేను మావారి వంక చూశాను. ఆయన సముద్రం వంక చూశారు!

ఇక్కడే మనలాంటివాళ్ళకు నచ్చే సంగతి ఒకటి చెప్పాలి. ఓడలనుంచి కారిన నూనె ఈ పక్షి ఈకలకు బొటనవేలి గోరంత అంటినా ప్రాణం పోవచ్చట. ముక్కుతో ఈకలు సవరించుకుంటూ ఆ విషాన్ని మింగేస్తుంది. అందుకని, కడిగేలోగా దానికి చిన్న ఊలు స్వెట్టరు తొడుగుతారు. 2001లో నూనె అంటిన 438 పక్షులను అక్కడివారు చేరదీస్తే నూటికి 96 బతికాయి. దేశదేశాల వాళ్ళు ఆ స్వెట్టర్లు అల్లి పంపారు. 109 ఏళ్ళ ఆల్ఫీ డేట్ అనే తాతగారు కూడా అల్లారంటే చూడండి.

తిరిగి కారు దగ్గరకు వచ్చాం. “కదిలేముందు కారు కింద పెంగ్విన్ ఉందేమో చూడండి,” అని బోర్డు పెట్టారు. మా మరిది మోకాళ్ళ మీద వంగి నాలుగు చక్రాలూ చూశాడు. చుట్టూ ఒక్క ఇల్లూ కనబడలేదు. “సముద్రానికి ఎదురుగా ఇంత మంచి చోటు, ఎవరూ ఇళ్ళు కట్టుకోలేదా?” అని అడిగాను.

“కట్టుకున్నారు వదినా, తీసేశారు,” అన్నాడు.

ఆ చోటు పేరు సమ్మర్‌లాండ్. 1920ల నుంచి ప్లాట్లు వేసి అమ్మారు. ఇళ్ళతోపాటు రోడ్లు, కార్లు, కుక్కలు, పిల్లులు వచ్చాయి. దీవిలో ఒకప్పుడు పది చోట్ల ఉన్న పెంగ్విన్లు చివరకు ఈ ఒక్కచోటే మిగిలాయి. అప్పుడు 1985లో ప్రభుత్వం ఆ స్థలాలన్నీ తిరిగి కొనడం మొదలుపెట్టింది. ఆ పని పూర్తయ్యేసరికి 2010 అయింది. పాతికేళ్ళు! ఇష్టపడి కట్టుకున్న ఇల్లు వదులుకోవడం ఎవరికైనా కష్టమే కదా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటారా? ఊరి శివారులో, ఒక కుంట శిఖం పక్కన మాకు రెండువందల గజాల స్థలం ఉంది. పుస్తెలతాడు తప్ప ఉన్న బంగారమంతా అమ్మి కొన్నాం. వచ్చే ఏడు పునాది వేద్దామని మావారి కోరిక, నిన్నటిదాకా నాదీ అదే కోరిక. 2020 ఆగస్టులో, మళ్ళీ 2023 జూలైలో మన వరంగల్లు కాలనీల్లో నీళ్ళు చొరబడ్డ రోజులు మీకు తెలుసు. కాకతీయులు చెరువు కింద చెరువుగా గొలుసు కట్టారు. ఆ నీళ్ళ దారిలో మనం గోడలు లేపాం. నీళ్ళ ఇంట్లోకి మనం వెళ్ళి, నీళ్ళు మన ఇంట్లోకి వచ్చాయని ఏడుస్తున్నాం.

ఊరొచ్చాక ఒక తెల్లవారుజామున మావారిని ఆ స్థలానికి తీసుకెళ్ళాను. కుంటలో కొంగలు, నీరుకాకులు, పిల్లలను వెంటేసుకున్న నీటికోడి కనబడ్డాయి. చాలాసేపు చూశాం. “మరి మన డబ్బు?” అన్నారాయన. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. కాని ఆ తరువాత పునాది మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మీరు స్థలం కొనబోతే గజం ధర అడిగేముందు, వానాకాలంలో అక్కడ నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ ఊరి పెద్దవాళ్ళను అడగండి. నేను అప్పుడు అడగలేదు.