సొంతంగా వేసుకున్న తెలుగు ఈబుక్స్ చదవొచ్చా? నా నిజమైన అభిప్రాయం, నేను డిలీట్ చేసిన వీడియో సంగతి

అవనిగడ్డ నుంచి మళ్లీ వచ్చేశా. వెనకాల ఫ్యాన్ సౌండ్ వస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి, కరెంటు ఇప్పుడే వచ్చింది, ఆపితే నేను ఉడికిపోతా.

ఈరోజు టాపిక్ మీలో చాలామంది అడిగిందే. "అన్నా, రైటర్స్ సొంతంగా వేసుకునే తెలుగు ఈబుక్స్ బాగుంటాయా? డబ్బులు పెట్టొచ్చా? ఉన్నదున్నట్టు చెప్పు" అని. చెప్తా. ఇంకో ప్రశ్న కూడా వస్తోంది. పోయినేడాది పెట్టిన ఒక రివ్యూ వీడియో ఛానెల్‌లో కనపడట్లేదేంటి అని. దాన్ని నేనే తీసేశా. ఎందుకో చివర్లో చెప్తా. దయచేసి స్కిప్ చేసి చివరికి వెళ్లకండి, మధ్యలోది వినకపోతే అది అర్థం కాదు.

ముందు అసలు ఇవి ఎక్కడ దొరుకుతాయో చూద్దాం. మా అవనిగడ్డ అంటే స్టేట్ అంతా తెలిసింది డీఎస్సీ కోచింగ్‌కి. ఏ వీధిలో చూసినా హాస్టళ్లు, మెస్సులు, గైడ్లు అమ్మే షాపులు. సైకాలజీ బిట్ బ్యాంక్ అర్ధరాత్రి అడిగినా దొరుకుతుంది. నవల కావాలంటే మాత్రం బస్సెక్కి చల్లపల్లి, పామర్రు, ఉయ్యూరు దాటి బెజవాడ పోవాలి. అందుకే నాలాంటోడికి ఫోనే లైబ్రరీ. బీటెక్ అయ్యి మాదాపూర్‌లో కోడ్ రాసుకుంటున్న టైంలో కోవిడ్ వచ్చి, ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చేశా. అప్పుడే ఈ ఈబుక్స్ పిచ్చి పట్టింది, తర్వాత ఉద్యోగం మానేసి మీ ముందు కూర్చున్నా.

తెలుగులో ఈబుక్స్ అనగానే మొదట చెప్పాల్సింది కినిగె. ప్రతిలిపి బెంగళూరులో 2014లో మొదలైంది, అక్కడ ఎవరైనా ఎపిసోడ్ ఎపిసోడ్‌గా కథ పెట్టుకోవచ్చు. కిండిల్ సంగతి కొంచెం బాధగా ఉంటుంది. 2016 డిసెంబర్‌లో ఐదు భారతీయ భాషల్లో పుస్తకాలు మొదలుపెట్టారు: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. లిస్టులో మనం లేం. పక్కనున్న తమిళ రైటర్ ఇంట్లో కూర్చుని తన నవల తనే అప్‌లోడ్ చేసుకుంటుంటే, మనోడు పీడీఎఫ్ తయారు చేసుకుని వాట్సాప్ గ్రూపుల్లో పంచుకున్నాడు.

సొంతంగా వేసుకున్న పుస్తకం అంటే చాలామందికి చిన్నచూపు. "ఎవరూ వెయ్యలేదు కాబట్టి వాడే వేసుకున్నాడు" అంటారు. తెలుగులో అది కొత్త విషయమేం కాదండీ. రచయిత అప్పు చేసి 500 కాపీలు ప్రింట్ చేయించడం, సగం చుట్టాలకీ స్నేహితులకీ ఊరికే ఇవ్వడం, మిగతా సగం మంచం కింద చెదలు పట్టడం, ఇది మన దగ్గర ఎప్పట్నుంచో ఉన్న కథే. ఈబుక్ వల్ల ఆ అప్పు తప్పింది, అంతే.

పుస్తకం చవగ్గా జనం చేతికి చేరాలనే ఆలోచన కూడా మన జిల్లాకి కొత్త కాదు. ఎమెస్కో మొదలైంది మచిలీపట్నంలో, ఎం. శేషాచలం అండ్ కో పేరుతో. చవక ధరకి పాకెట్ బుక్స్, ఇంటింటా గ్రంథాలయం అని స్కీము, నవలలు పోస్టులో ఇంటికే వచ్చేవి. మా అమ్మమ్మ వాళ్లింట్లో అట్ట ఊడిపోయినవి ఇప్పటికీ ఉన్నాయి. సబ్‌స్క్రిప్షన్ అని మనం ఇప్పుడు గొప్పగా చెప్పుకునేది పోస్ట్‌మ్యాన్ అప్పుడే తెచ్చి ఇచ్చాడు.

సరే, అసలు సంగతికి వద్దాం. ముందు నచ్చినవి చెప్తా.

నచ్చిన వాటిల్లో మొదటిది యాస. పేరున్న నవలల్లో చాలాసార్లు అందరూ ఒకేలా మాట్లాడతారు. ఈ ఇండీ కథల్లో శ్రీకాకుళం అమ్మాయి శ్రీకాకుళంలాగే మాట్లాడుతుంది, కర్నూలు పెద్దాయన కర్నూలులాగే తిడతాడు. సరిదిద్దేవాళ్లు ఎవరూ లేకపోవడం వల్ల జరిగిన మంచి ఇది.

రెండోది, మన జీవితం కనిపిస్తుంది. బెంచ్ మీద కూర్చున్నోడి భయం, నైట్ షిఫ్ట్, ఈఎంఐ, నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు హాస్టల్లో చదివే అమ్మాయి. ఒక చిన్న ఈబుక్‌లో ఇలాంటి అమ్మాయి కథే చదివా. తన తర్వాత బ్యాచ్ వాళ్లు తనని "అక్కా" అని పిలవడం మొదలుపెట్టి, కొన్నేళ్లకి "మేడం" అంటారు. ఆమెకి ఉద్యోగం ఇంకా రాదు. అది చదివాక మా వీధిలో మెస్ ముందు క్యూలో నిలబడ్డ వాళ్లని వేరేగా చూశా.

మూడోది, ఎవరు రాస్తున్నారన్నది. పిల్లలు పడుకున్నాక, గిన్నెలు తోమాక, రాత్రి పదకొండింటికి ఫోన్లోనే టైప్ చేసే ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. పెన్నూ పేపరూ పట్టుకుని కూర్చుంటే ఇంట్లో వంద ప్రశ్నలు. ఫోన్ పట్టుకుంటే ఎవరూ అడగరు.

ఇప్పుడు నచ్చనివి. ఇక్కడ మొహమాటం లేదు.

అన్నిటికంటే పెద్ద జబ్బు సాగదీత. ఎపిసోడ్‌కి ఇన్ని వ్యూస్, రోజుకో పార్ట్ అనే లెక్క వచ్చాక కథ ఆగడం మానేసింది. 20 పార్టుల్లో అయిపోవాల్సిన పెళ్లి 180 పార్టులైనా అవ్వదు. వారపత్రికల సీరియల్స్‌లో కూడా సస్పెన్స్ దగ్గర ఆపేవాళ్లు, నిజమే. కాకపోతే అక్కడ ఎడిటర్ అనే మనిషి ఉండేవాడు, "ఇక చాలు, ముగించండి" అని ఫోన్ చేసేవాడు. ఇక్కడ "నెక్స్ట్ పార్ట్ ప్లీజ్ అక్కా" అనేవాళ్లే తప్ప "చాలక్కా" అనేవాళ్లు లేరు.

తర్వాత హీరో. కోపిష్టి, కోటీశ్వరుడు, కంపెనీ సీఈఓ. అమ్మాయిని బలవంతంగా పెళ్లి చేసుకుంటాడు, 60 పార్టులు ఏడిపిస్తాడు, చివర్లో చిన్నప్పుడు తనకి జరిగిన అన్యాయం చెప్తాడు, ఆమె కరిగిపోతుంది. డబ్బున్న హీరో మనకి కొత్తేం కాదు. మన మొవ్వ దగ్గర కాజలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి గారి "సెక్రటరీ"ని ఎంతమంది చదివారో, 1976లో సినిమాగా ఎంతమంది చూశారో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. కానీ ఆ జయంతికి ఆత్మాభిమానం ఉంది. ఎదురు చెప్తుంది, వదిలి వెళ్లిపోతుంది. ఈ కొత్త కథల్లో కారు మోడల్ మారింది, అమ్మాయి నోరు మాత్రం పడిపోయింది. అది నాకు నచ్చదు. ఎన్ని లక్షల వ్యూస్ ఉన్నా నచ్చదు.

ఇక టెక్నికల్ గోల. ఇంజినీర్ని కదా, ఇది చెప్పకుండా ఉండలేను. మన పీడీఎఫ్‌లు చాలావరకు డీటీపీ షాపులో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో చేసినవి. వాటిల్లో కంప్యూటర్ దృష్టిలో తెలుగు అక్షరమే ఉండదు. ఇంగ్లీష్ కోడ్‌కి తెలుగు బొమ్మ తొడిగినట్టు అన్నమాట. అందుకే అందులో మాట వెతికితే దొరకదు. యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడతాయి. ఫోన్లో చదవాలంటే ప్రతి లైనుకీ జూమ్ చేసి అటూ ఇటూ జరపాలి. రైటర్స్ ఎవరైనా వింటుంటే ఒక్క మాట: యూనికోడ్‌లో టైప్ చేయండి, ఈపబ్ ఫైల్ చేయించండి. అక్షరం సైజు పెంచితే లైన్లు వాటంతటవే సర్దుకుంటాయి. మీ పాఠకుడికి కళ్లద్దాలు ఉండొచ్చు కదా.

చివరిగా రేటింగులు. చుట్టాలిచ్చిన 5 స్టార్లు, పడనోళ్లిచ్చిన 1 స్టార్లు. మధ్యలో 3 ఇచ్చి, "ఇది బాగుంది, ఇది బాలేదు" అని రాసేవాళ్లు కనపడరు. మరి కొనేవాడికి ఎలా తెలుస్తుంది? సాంపిల్ పేజీలు చదివి తెలుసుకోవాలి. కొనేముందు నేను చూసేది అదొక్కటే.

ఇప్పుడు ఆ వీడియో సంగతి.

49 రూపాయల ఈబుక్ అది. రచయితది కలం పేరు, ఎవరో నాకు తెలీదు. కాలేజీ ప్రేమకథతో మొదలవుతుంది. డైలాగులు పాత సినిమాలో లాగా ఉన్నాయి, పేజీకి పది అచ్చుతప్పులు. కెమెరా ముందు కూర్చుని, గొంతు మార్చి మార్చి ఆ డైలాగులు చదివా. 11 నిమిషాల వీడియో. నా ఛానెల్‌లో అన్నిటికంటే ఎక్కువ వ్యూస్ దానికే వచ్చాయి. మీరు నవ్వారు, నేనూ నవ్వా. టైటిల్‌లో "హానెస్ట్ రివ్యూ" అని పెట్టా.

నాలుగు నెలల తర్వాత మెయిల్ వచ్చింది, రెండే ముక్కలు. మీరు చూపించిన తప్పులు సరిచేశాను బాబూ, థాంక్స్. పుస్తకం మొత్తం చదివారా?

యాప్ ఓపెన్ చేస్తే 17 శాతం అని చూపిస్తోంది. మూడు చాప్టర్లు. నేను చదివింది అంతే.

ఆ రాత్రి మిగతాది చదివా. తొమ్మిదో చాప్టర్ దగ్గర ప్రేమకథ ఆగిపోయి, 1977 నవంబర్ 19 వస్తుంది. దివిసీమ ఉప్పెన. నేను పుట్టకముందే జరిగింది, కానీ ఇక్కడ పుట్టినవాళ్లకి దాని గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రతి ఇంట్లో ఒక పేరు తక్కువ. అదంతా నాకు తెలుసనే అనుకున్నా.

ఆ పుస్తకంలో పదేళ్ల పిల్లాడు వాకిట్లోకి వచ్చిన నీళ్లు నోట్లోకి పోతే ఉప్పగా ఉన్నాయని గమనిస్తాడు. అది వాననీరు కాదని ఇంట్లో అందరికంటే ముందు తెలిసేది వాడికే. వాళ్ల నాన్న వాణ్ణి పంచెతో తాటిచెట్టుకి కట్టేస్తాడు. తెల్లారేసరికి చెట్టుందీ, పిల్లాడున్నాడు. తర్వాత సహాయ శిబిరంలో వాడికి కొత్త చొక్కా ఇస్తారు. వేసుకోడు. చిరిగిన చొక్కా తీసేస్తే నాన్న వచ్చి వెతికినప్పుడు గుర్తుపట్టలేడని. అలా ఎన్నాళ్లు ఉన్నాడో రెండు పేజీల్లో రాశారాయన, ఎక్కడా ఏడుపు లేకుండా. అచ్చుతప్పులు అక్కడ కూడా ఉన్నాయి. నాకు ఒక్కటీ కనపడలేదు.

వెళ్లి కలిశా. రిటైరైన మాస్టారు, మన సీమలోనే ఉంటారు, ఊరు చెప్పను. కాఫీ ఇచ్చారు. నేను సారీ చెప్పబోతే, "నువ్వు చదివినదానికి నువ్వు నవ్వావు, అందులో తప్పేముంది?" అన్నారు. వీడియో తర్వాత ఆ పుస్తకానికి 26 ఒక్క స్టార్లు వచ్చాయి. వాళ్లలో ఎంతమంది చదివారో నాకు తెలుసు, ఎందుకంటే నేనే చదవలేదు కదా.

"మాస్టారూ, ఉప్పెన గురించి నేరుగా రాయొచ్చు కదా, ముందు ఆ ప్రేమకథ ఎందుకు పెట్టారు?" అని అడిగా. "మీలాంటి కుర్రాళ్లు చదవాలనే పెట్టానయ్యా. ఉప్పెన అంటే ఎవరు తెరుస్తారు?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. నేను వెక్కిరించిన ఆ 40 పేజీలూ ఆయన రాసింది నాకోసం.

ఇక్కడ మీరు అనుకోవచ్చు, అయితే ఇకనుంచి అందరికీ 5 స్టార్లేనా అని. కాదు. ఆ 40 పేజీలు బాలేవు, ఇప్పటికీ బాలేవు, ఆ మాట ఆయన ముందే చెప్పా. "తీసేయండి మాస్టారూ, తొమ్మిదో చాప్టర్‌తో మొదలుపెట్టండి" అన్నా. ఆయనకి నచ్చలేదు, మొహం అటు తిప్పుకున్నారు. కప్పు కింద పెట్టి వచ్చేశా. తొమ్మిది రోజుల తర్వాత ఫోన్ చేసి, "ఎక్కడెక్కడ తీసేయాలో గుర్తు పెట్టి పంపు" అన్నారు. ఇప్పుడు ఆ పని మీదే ఉన్నా. వీడియో డిలీట్ చేసింది తప్పులు చూపించినందుకు కాదు, చదవకుండా చదివినట్టు మాట్లాడినందుకు. కొత్త ప్రతి వచ్చేదాకా పుస్తకం పేరు చెప్పొద్దన్నారు, అందుకే చెప్పట్లేదు.

అందుకని ఇకమీద ఈ ఛానెల్‌లో పద్ధతి ఇది. పూర్తిగా చదివిన పుస్తకానికే రివ్యూ. మధ్యలో వదిలేస్తే "ఇంత శాతం దగ్గర వదిలేశా, ఇందుకు వదిలేశా" అని చెప్తా. పేరున్న రైటర్ని ఎంతైనా ఆడుకుంటా, ఆయన తట్టుకోగలడు. ముప్పై మంది పాఠకులున్న మనిషి పుస్తకం నచ్చకపోతే మాత్రం కెమెరా ముందు కాకుండా మెయిల్లో చెప్తా. ఆ పుస్తకానికి డబ్బులు తీసుకోను, ఊరికే ఇచ్చినా కొనుక్కునే చదువుతా.

మీరు చేయాల్సింది ఒక్కటే. ఈ నెలలో మీ ఊరు లేదా మీ జిల్లా కథ ఉన్న ఈబుక్ ఒకటి వెతకండి. సాంపిల్ నచ్చితే కొనండి. చివరిదాకా చదివి మూడు లైన్లు రాయండి, 3 స్టార్లైనా పర్లేదు. రాసినాయన రాత్రి పడుకునేముందు అది తప్పకుండా చూసుకుంటారు.

మాస్టారి ఫైల్ ఇంకా 60 పేజీలు మిగిలింది. మళ్లీ కరెంటు పోయేలోపు కూర్చోవాలి. ఉంటా మరి.