కిడ్నీ జబ్బు, జీడిపప్పు, కొన్ని అపోహలు

దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నంత మాత్రాన జీడిపప్పు, బాదం, పల్లీలు పూర్తిగా మానేయనక్కర్లేదు. ఎవరు ఎంత తినవచ్చో రక్తపరీక్ష చెబుతుంది, ఇరుగుపొరుగు కాదు.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం మాట రాగానే జీడిపప్పును దోషిగా నిలబెట్టడం చాలా తేలిక. అది జీడితోటల సీమ. పక్కనే జీడిపప్పుకు పేరుపడ్డ పలాస. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను కూల్చింది. అయితే పంటా జబ్బూ ఒకేచోట ఉన్నాయని ఒకదాన్ని రెండోదానికి కారణం చేసేయడం తర్కమేనా? శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో ఇలాంటి జబ్బే వరి రైతులను పట్టుకుంది. నికరాగ్వా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కూలీలను పట్టుకుంది. అక్కడ జీడితోటల మీద నింద వేయడానికి లేదు. మండుటెండలో ఒళ్ళు వంచి పనిచేయడం మాత్రం అన్నిచోట్లా ఉంది. ఉద్దానంలో భూగర్భజలం, పురుగుమందులు, వంశపారంపర్యం, ఒంట్లో నీరు తగ్గిపోవడం వంటివన్నీ పరిశోధకులు చూశారు. ఇదీ కారణమని ఒక్కటీ ఇంకా తేలలేదు. తేలని నేరాన్ని జీడిచెట్టుకు అంటగడితే ప్రమాదమే. పప్పు మానేశాం కదా అన్న ధీమాతో జనం కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష వాయిదా వేస్తారు, ఒళ్ళునొప్పుల మాత్రలు మింగుతూనే ఉంటారు. ఆ మాత్రలు కిడ్నీని నిజంగా దెబ్బతీయగలవు.

ఇక లెక్కలు. చిన్న గుప్పెడు, అంటే 30 గ్రాముల జీడిపప్పులో పొటాషియం సుమారు 200 మిల్లీగ్రాములు, ఫాస్ఫరస్ 180 దాకా ఉంటాయి. అంతే పిస్తాలో పొటాషియం 300 వరకూ ఉంటుంది, వాల్‌నట్‌లో 130 మాత్రమే. రిపోర్టులో పొటాషియం మామూలుగా ఉన్నవారికి ఉప్పులేని గుప్పెడు పప్పు సాధారణంగా ఇబ్బంది పెట్టదు. ఎక్కువున్నవారు డాక్టరు చెప్పేదాకా ఆగాలి, ఎందుకంటే పొటాషియం హద్దు మీరితే గుండె లయ తప్పుతుంది. గింజల్లోని ఫాస్ఫరస్‌లో చాలా భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది, పేగులు దాన్ని పూర్తిగా పీల్చుకోలేవు. కూల్‌డ్రింకుల్లో, ప్యాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేటు దాదాపు అంతా రక్తంలోకి వెళుతుంది. పప్పుకు భయపడి కోలా తాగేవారు ఈ సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి.

బాదం నానబెట్టి పొట్టు తీస్తే పొటాషియం పోతుందన్నది భ్రమ. బాదంలో, జీడిపప్పులో ఆక్సలేటు కూడా ఎక్కువే. నెలల తరబడి గుప్పెళ్ళకొద్దీ తిన్నవారి కిడ్నీలలో ఆక్సలేటు స్ఫటికాలు పేరుకున్న కేసులు వైద్యపత్రికల్లో ఉన్నాయి. కిడ్నీలో రాళ్ళు వచ్చినవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. కొబ్బరినీళ్ళు కిడ్నీని కడిగేస్తాయన్న మాట ఇంకా హానికరం, ఒక్క బోండంలోనే పొటాషియం గుప్పెడు పప్పుకు మించి ఉంటుంది.

ఉప్పు, కారం పట్టించిన పప్పు వద్దు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, అదీ వద్దు. బూజు పట్టిన పల్లీలు పారేయాలి. డయాలసిస్ చేయించుకునేవారు పప్పు ఎంత తినాలో ఆ నెల రిపోర్టు చూపించి, డైటీషియన్‌తో గ్రాముల్లో రాయించుకోవాలి.