శిశుహృదయ శస్త్రచికిత్స - రక్తపు వడపోత



బిడ్డ గుండెకు శస్త్రచికిత్స యనగానే, రక్తమంతయు యంత్రములోనికిఁ దీసివేయుదురట, నిజమేనా యని తల్లిదండ్రులు మమ్మడుగుచుందురు. రక్తము యంత్రముగుండఁ బోవుట నిజమే. అది మరల బిడ్డకే చేరుటయు నిజమే.

పెద్దవాని దేహమున రక్తము సుమారు 5 లీటర్లుండును. 5 కిలోల శిశువునకో, సుమారు 400 మిల్లీలీటర్లు మాత్రమే. గుండెను నిలిపి పనిచేయునపుడు గుండె పనిని, ఊపిరితిత్తుల పనిని యంత్రమే నిర్వహించును. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో గిబ్బన్ అను వైద్యుఁడు దీనితోఁ దొలుత విజయము నొందెను. యంత్రపు గొట్టములను ముందుగా ద్రవముతో నింపవలయును. పెద్దవారి కది యంతగా బాధింపదు. శిశువుల విషయమున నొక్కొకప్పుడు వారి రక్తమంత యుండును. పాలలో నీళ్లు పోసినట్లు రక్తము పలుచనై, దానిని గడ్డకట్టించు పదార్థములును పలుచఁబడును. గొట్టములలో రక్తము గడ్డకట్టినఁ బ్రాణాపాయము గనుక హెపారిన్ అను మందిత్తురు. పని ముగిసినపిదప ప్రోటమిన్ అను మందుతో దానిని విఱుతురు.

రక్తస్రావమును నిలుపుటకు సుశ్రుతుఁడు సంధానము, స్కందనము, పాచనము, దహనము అను నాలుగుపాయములు చెప్పెను. స్కందనమనగా గడ్డకట్టించుటయే. అయినను, వలసినంతసేపు దాని నాపి, వలసినపుడు మరలఁ గలిగించుట నేఁటివారి నేర్పు. పూర్వులకు సర్వము తెలియునని ఱొమ్ము విఱుచుకొనుట మాకు సమ్మతము గాదు.

1991లో లండనునందలి గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి వైద్యులు శిశువులకై యొక వడపోత పద్ధతిని ప్రకటించిరి. గుండె తిరిగి కొట్టుకొన నారంభించి, యంత్రమును విడిచిన వెంటనే, రక్తమును మిక్కిలి సన్నని రంధ్రములుగల వడపోతలోఁ బంపుదురు. అదనపు నీరు వెడలిపోవును. రక్తకణములు, మాంసకృత్తులు నిలుచును. కొలఁది నిమిషములలో రక్తము చిక్కఁబడును, దేహపు వాపు తగ్గును. ప్రోటమిన్ ఇచ్చుట సాధారణముగా దీని తరువాతనే.

కాని వడపోత యున్నదానిని చిక్కపఱచునేగాని లేనిదానిని పుట్టింపఁజాలదు. యంత్రములో దెబ్బతినిన ప్లేట్‌లెట్లకు బదులు దాత యిచ్చినవే కావలయును. అవి సాధారణముగా 5 దినములకు మించి నిలువవు. 2007 ఏప్రిల్ 1న శ్రీకాకుళము మొదలగు మూఁడు జిల్లాలలో నారంభమైన ఆరోగ్యశ్రీవంటి పథకములు వ్యయమును భరించినవి. రక్తమును ఖజానా ముద్రింపఁజాలదు గదా!

శృంగవరపుకోటనుండి బిడ్డను విశాఖపట్టణమునకుఁ గొనిపోయిన తండ్రి యచటఁ దాతలకై వీధులు తిరుగరాదు. కావున చందాల పుస్తకము ప్రక్కన రక్తదాతల పుస్తకముగూడఁ దెఱువుఁడని సంఘమును గోరుచున్నాము. 18 ఏండ్లు నిండి, 45 కిలోలకుఁ దక్కువగాని ఆరోగ్యవంతులు పేరు, రక్తవర్గము, టెలిఫోను అంకె వ్రాయవలయును. వర్గమనగా నిచట ఏ, బీ, ఏబీ, ఓ యనునవే; బిడ్డ కులము నడుగు గడి యాపుస్తకమున నుండఁగూడదు. పుస్తకమును మధ్యాహ్నము భోజనశాల ద్వారముకడ నుంచెదము.