ముట్లు ఉడిగే వయసు - మన తిండి, మన చర్మం

(మహిళల సమావేశంలో ఒక డాక్టరమ్మ చెప్పిన మాటలు)



ఈ రోజు సిగ్గు పక్కన పెట్టి ఒక సంగతి మాట్లాడుకుందాం.

మనలో చాలా మందికి 45 నుంచి 50 ఏళ్ల మధ్య ముట్లు ఉడుగుతాయి. 12 నెలలు వరసగా ముట్టు రాకపోతే ఇక ఆగిపోయినట్టే. ఇది జబ్బు కాదు.

ఆ వయసులో చాలా మంది ఒక మాట అంటారు. "అమ్మా, ఒళ్లంతా పొడిబారిపోయింది. గీరితే తెల్లగా గీతలు పడుతున్నాయి. రాత్రిళ్లు ఒకటే దురద" అని.

ఎందుకిలా అవుతుంది?

మన ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను ఉంటుంది. చర్మం మెత్తగా, తేమగా ఉండడానికి అది సాయం చేస్తుంది. ముట్లు ఉడిగేటప్పుడు అది తగ్గిపోతుంది. చర్మంలో కొల్లాజెన్ అనే పదార్థం కూడా ఉంటుంది. ఇంటికి వాసాలు ఎలాగో, చర్మానికి అది అలాగ. అదీ తగ్గుతుంది. అందుకే చర్మం పలచబడుతుంది. ముడతలు పడుతుంది.

మంచి తిండి తింటే ముడతలు పోతాయా? పోవు. పోతాయని చెప్పేవాళ్లను నమ్మకండి. కానీ తిండి చాలకపోతే చర్మం ఇంకా పాడవుతుంది. కొల్లాజెన్ తయారు కావాలంటే మాంసకృత్తులు కావాలి. సి విటమిన్ కావాలి.

మాంసకృత్తులు ఎందులో ఉంటాయి? పప్పులు, శనగలు, ఉలవలు, పాలు, గుడ్లు, చేపల్లో ఉంటాయి.

సి విటమిన్ ఎందులో ఉంటుంది? ఉసిరి, జామ, నిమ్మకాయల్లో ఉంటుంది. వేడికి అది కొంత పోతుంది. అందుకే కూర దించాక నిమ్మరసం పిండండి.

నువ్వులు, వేరుశనగలు కూడా మంచివే. ఆకుకూర రోజూ తినండి. దాహం అయ్యేదాకా ఆగకుండా నీళ్లు తాగండి. ఈ వయసులో ఎముకలు కూడా గుల్లబారతాయి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. రాగిజావ మానకండి.

ఇవన్నీ మన ఊళ్లో దొరికేవే. మరి మన కంచంలోకి ఎందుకు రావడం లేదు?

ఇంట్లో ఆఖరున తినేది ఎవరు? మనమే. అప్పటికి పప్పు గిన్నె ఖాళీ. గుడ్డు పిల్లలకు, పాలు మగవాళ్లకు. మనకు మిగిలేది చారు, పచ్చడి. ఏళ్ల తరబడి ఇలా తింటే ఒంట్లో బలం ఎక్కడిది? అందరూ కలిసి కూర్చుని తినండి. కుదరకపోతే వడ్డించేటప్పుడే మీ వాటా పక్కన పెట్టుకోండి. ఇది తిండిపోతుతనం కాదు. మన హక్కు.

స్నానం కాగానే, ఒళ్లు కాస్త తడిగా ఉండగానే కొబ్బరి నూనె రాసుకోండి. తెల్లబడతారని అమ్మే క్రీములు డాక్టరును అడగకుండా రాయకండి. కొన్నింటిలో స్టెరాయిడ్ మందు కలిసి ఉంటుంది. అది చర్మాన్ని ఇంకా పలచన చేస్తుంది.

దురద తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లండి. షుగరు వల్ల, థైరాయిడు వల్ల కూడా చర్మం పొడిబారుతుంది. ముట్లు ఆగిన ఏడాది తర్వాత మళ్లీ రక్తం కనబడితే, అది ఒక్క చుక్కే అయినా, వెంటనే డాక్టరుకు చూపించుకోండి.

మాట్లాడుకుందాం:
1. నిన్న మీరు ఏమేం తిన్నారు? అందులో పప్పు ఎంత?
2. మీ ఇంట్లో అందరూ కలిసి తినాలంటే ఏం చేయాలి?